ఆదివారం లేడీస్ బ్యాచ్

ఏప్రిల్ 6, ఆదివారం

నేను పనిచేసే కళ్లజోళ్ల షాపుకు సెలవు. తలస్నానం చేసి, వారం బట్టలు ఉతికి ఆరేసే సరికి పదిన్నర. ఆ తర్వాత చేయడానికి ఏమీ లేదు. ఇస్త్రీ చేశాను. ఇస్త్రీ అక్కర్లేని నైటీలకు కూడా చేశాను. మధ్యాహ్నం పెరుగన్నం, ఊరగాయ. ఫోన్లో ఎవరో కేకు చేస్తుంటే చూస్తూ తిన్నాను. సాయంత్రం ఉన్నట్టుండి తెలిసింది, ఈ రోజు పైకి ఒక్క మాట కూడా మాట్లాడలేదని. గొంతు పనిచేస్తుందో లేదో చూద్దామని ఒకటి, రెండు, మూడు అని లెక్కపెట్టాను. నాలుగు దగ్గర నవ్వొచ్చి ఆపేశాను.

అందుకే ఈ రాత. తెలుగులో రాస్తున్నాను. ఆర్.కె.పేటలో ఎనిమిదో క్లాసు దాకా నాది తెలుగు మీడియం. ఇక్కడ తిరువళ్లూరులో కింది వాటా ఓనరమ్మ వాళ్లూ తెలుగే మాట్లాడతారు గానీ చదవలేరు. దీనికి తాళం అక్కర్లేదు.

ఏప్రిల్ 9

షాపుకు వెళ్లే దారిలో గోడ మీద పోస్టరు. స్విమ్మింగ్, లేడీస్ బ్యాచ్, లేడీ కోచ్, ఆదివారం మూడు నుంచి నాలుగు. నాకు ముప్పై తొమ్మిది. నీళ్లంటే భయం. అయినా ఫోటో తీసుకున్నాను. నచ్చింది ఈత కాదు, ఆ టైము. ఆదివారం మధ్యాహ్నం మూడింటికి ఉన్నంత పొడుగాటి టైము వారంలో ఇంకొకటి లేదు.

ఏప్రిల్ 13, ఆదివారం

వెళ్లాను!

మెయిన్ రోడ్డు దిగి కొంచెం లోపలికి, కొబ్బరి చెట్ల మధ్య పూల్. చుట్టూ రేకులు కట్టారు. కోచ్ పేరు అభినయ. ఇరవై నాలుగేళ్లుంటాయేమో, భుజాలు మగపిల్లాడివి, గొంతు చిన్నపిల్లది. కాస్ట్యూమ్ కొనే ధైర్యం లేక లెగ్గింగ్స్, ఫుల్ చేతుల టీషర్టు వేసుకున్నాను. పరవాలేదక్కా అంది. టోపీ మాత్రం కచ్చితంగా పెట్టుకోవాలట. అద్దంలో చూసుకుంటే ఒలిచిన ఉల్లిపాయలాగా ఉన్నాను.

మా ఊళ్లో మగపిల్లలందరూ బావిలో దూకేవాళ్లు. ఆడపిల్లలం గట్టు మీద కూర్చుని వాళ్ల చొక్కాలకు కాపలా. నీళ్లలోకి ఎప్పుడూ దిగలేదు. ఈ రోజు దిగాను. నడుము లోతు. కమ్మీ పట్టుకుని, తల ముంచి, నోటితో గాలి బుడగలు వదలాలి. మొదటిసారి ముక్కులోకి పోయి ఏడుపొచ్చింది. నాలుగోసారి అనుకుంటాను, చెవులు రెండూ నీళ్ల కిందికి వెళ్లాక ఒక రకమైన శబ్దం వినిపించింది. శబ్దం లేకపోవడం కాదు. పెద్ద ఇంట్లో దూరంగా ఎవరో మాట్లాడుకుంటున్నట్టు.

బయటికొచ్చి రెండు బజ్జీలు తిన్నాను. మళ్లీ రెండు తిన్నాను.

ఏప్రిల్ 14

తమిళ ఉగాది. ఓనరమ్మ వడ, పాయసం పంపింది. గిన్నె కడిగి తిరిగి ఇచ్చేటప్పుడు అందులో ఏదో ఒకటి వేసి ఇవ్వాలి కదా, ఇంట్లో ఏమీ లేదు. చక్కెర వేసి ఇచ్చాను.

పండగ రోజుల్లో గుర్తొచ్చేది కార్తికేయన్ కాదు. ఆయన మీద కోపం కూడా అరిగిపోయింది. ఆయనకు ఇంకొకరు నచ్చారు, చెప్పారు, కోర్టులో సంతకాలయ్యాయి, పెళ్లి చేసుకుని మద్రాసులో ఉన్నారు. గుర్తొచ్చేది వదిన. ఆయన అక్క, విద్యాలక్ష్మి. తిరుత్తణిలో వాళ్ల పాత్రల అంగడి వెనకే ఇల్లు. పండగలకు మేమక్కడికే వెళ్లేవాళ్లం. మామిడికాయ పచ్చడిలో వేపపువ్వు నాకు తెలియకుండా తీసేసి పెట్టేది. నాకు చేదు పడదని ఆమెకొక్కదానికే తెలుసు. విడాకులయ్యాక ఒక నెల ఫోన్ చేసింది. తర్వాత మానేసింది. నేనూ చేయలేదు. రెండేళ్లు.

వదినతో నాకు ఎవరూ విడాకులు ఇప్పించలేదు. అయినా అయిపోయాయి.

ఏప్రిల్ 20, ఆదివారం

ముఖం నీళ్లలో పెట్టి, చేతులు చాపి, కాళ్లు వదిలేయాలి. వదిలేశాను. తేలాను. అభినయ చేయి తీసేసిందని నాకు తెలియనే లేదు.

ఏప్రిల్ 23

షాపులో ఈ రోజు ఒక ముసలాయనకు కొత్త కళ్లజోడు పెట్టి, తమిళ అక్షరాల బోర్డు చదవమంటే, బోర్డు వదిలేసి నా ముఖం చూసి, అమ్మా నీ చెవిలో నీళ్లున్నట్టున్నాయి, ఇందాకట్నుంచి తల వంచి కొట్టుకుంటున్నావు అన్నాడు. నిజమే. ఆదివారం నుంచీ ఉన్నాయి. తీయాలనిపించలేదు.

మే 4, ఆదివారం

ముగ్గురమే వచ్చాం. మిగతావాళ్లు సెలవులకు ఊళ్లకు వెళ్లిపోయారు. అభినయ తలకాయ గోక్కుంటూ చెప్పింది. పూల్ వాళ్లకు ఈ గంట మగపిల్లల కోచింగ్‌కు కావాలట. వచ్చే ఆదివారానికి ఆరుగురైనా కనిపించకపోతే లేడీస్ బ్యాచ్ తీసేస్తారట. మీకు తెలిసిన వాళ్లను తీసుకురండి అక్కా అంది.

నాకు తెలిసిన వాళ్లు! బస్సులో కూర్చుని లెక్కేసుకున్నాను. లెక్క త్వరగా అయిపోయింది.

మే 6

ఓనరమ్మను అడిగాను. పమిట నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. ఆ తర్వాత మెట్లు ఎక్కుతుంటే వెనక నుంచి కూతురికి చెప్పడం వినిపించింది, మళ్లీ నవ్వులు. షాపు ఓనరు వీరరాఘవ శెట్టి గారి భార్యను అడుగుదామని నోరు తెరిచి మూసుకున్నాను. కాంటాక్ట్ లెన్సుకు వచ్చిన కాలేజీ అమ్మాయి యశస్విని మాత్రం వెంటనే ఒప్పుకుంది. స్నేహితురాలిని కూడా తెస్తుందట. నాకు తెలియని అమ్మాయిని అడగడం ఇంత సులువని ఎవరూ చెప్పలేదు.

ఐదు. ఇంకొకరు కావాలి.

మే 8

వదినకు మెసేజ్ టైప్ చేశాను. చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను.

ఒకసారి అందరం తామరైపాక్కం చెక్‌డ్యామ్ చూడ్డానికి వెళ్లాం. నీళ్లు బాగా పారుతున్నాయి. వదిన చీర మోకాళ్ల దాకా ఎత్తుకుని అంచున దిగి, ఇంకొక అడుగు, ఇంకొక అడుగు వేస్తోంది. అత్తమ్మ, వదిన వాళ్లమ్మ, గట్టు మీద నుంచి ఒక్క కేక వేసింది. వదిన వెనక్కి వచ్చేసింది. ఆమె నీళ్లను చూసిన చూపు నేను చూశాను.

చెరిపేశాను.

మే 9

ఫోనే చేశాను.

"వదినా, నేను చందన."

వెనక కుక్కరు కూసింది.

"ఏమి? ఎవురికన్నా ఏమన్నా అయిందా?"

రెండేళ్ల తర్వాత ఫోన్ వస్తే ఎవరైనా అలాగే అనుకుంటారు. ఎవరికీ ఏమీ కాలేదన్నాను. నేను పనిచేసే షాపు పేరు చెప్పాను, ఈత అన్నాను, పూల్ ఎక్కడో చెప్పాను, ఆదివారం మూడింటికన్నాను, ఆడవాళ్లే అన్నాను, ఒకరు తక్కువయ్యారన్నాను. అన్నీ ఒకే ఊపిరిలో.

"నీకేమన్నా పిచ్చి పట్టిందా? నలబై ఆరేండ్లు నాకు. మా అమ్మకు తెలిస్తే ఊరుకుంటాదా? అదీ నీతో."

వెంటనే "పెట్టేస్తా ఉండా" అని పెట్టేసింది.

మంచిదే. అడిగాను కదా.

మే 11, ఆదివారం, రాత్రి

రాయాలి. చేతులు నొప్పి, అయినా రాయాలి.

మూడయింది. ఐదుగురం గట్టు మీద కూర్చున్నాం. అభినయ కాసేపు చూద్దామంది. ఎవరూ రాలేదు. యశస్విని టోపీ తీసేసింది. అప్పుడు గేటు దగ్గర షేర్ ఆటో ఆగి, అందులోంచి వదిన దిగింది. బట్టల అంగడి సంచి ఒకటి చంకలో. కొంచెం లావైంది. జుట్టుకు రంగు వేయడం మానేసింది. నా దాకా నడిచొచ్చి, ఎట్లున్నావని అడగలేదు, ఏమీ అడగలేదు.

"యాడుంది మీ నీళ్లు?" అంది.

సంచిలో నైటీ తెచ్చింది. నైటీతో దిగకూడదని అభినయ చెప్పింది. నా ఇంకో జత లెగ్గింగ్స్ ఇచ్చాను. బట్టలు మార్చుకునే గదిలో వదిన ఒక కాలు దూర్చి గోడకానుకుని, "దీంట్లో దూరితే మళ్లా బయటికి రాను చందనా, కత్తిరించాల్సిందే" అంది. నాకు నవ్వాగలేదు. ఆమెకూ ఆగలేదు. ఇద్దరం ఆ తడి నేల మీద కూర్చుండిపోయాం. నవ్వు ఏ క్షణాన ఇంకొకటైందో తెలియదు. కళ్లు తుడుచుకుని లేచాం.

"కండ్లు చూపించుకోను పోతా ఉండా అని చెప్పి వచ్చినా ఇంట్లో. మీ అంగడి పేరే చెప్పినా, ఇంకేదీ గుర్తుకు రాలే. నీ పేరు మాత్రం చెప్పలే."

పరవాలేదన్నాను. అప్పుడు నిజంగానే పరవాలేదనిపించింది. ఇప్పుడు, ఇది రాస్తుంటే, కొంచెం గుచ్చుకుంటోంది.

నీళ్లలో నా మణికట్టు పట్టుకుంది. నా గాజులు నొక్కుకున్న అచ్చు ఇంకా ఉంది.

మే 18, ఆదివారం

వచ్చింది. అయ్యాక స్టేషన్ బెంచీ మీద వేయించిన వేరుశెనక్కాయలు తింటూ లోకల్ కోసం కూర్చున్నాం. ఎన్నో చెప్పింది. అంగడిలో స్టీలు ఎవరూ కొనడం లేదట, మోకాళ్లు, పక్కింటి కుక్క. తమ్ముడి మాట రాకుండా పక్కకు తిప్పుకుంటూ చెప్పింది. రైలు వస్తోందని అనౌన్స్ చేశాక, పొట్టు దులుపుకుంటూ, నా వైపు చూడకుండా అంది.

"వాడికి ఆడబిడ్డ పుట్టింది. పంగుణి నెలలో, తమిళ ఉగాదికి ముందు."

మంచిది వదినా అన్నాను. మంచిదే. ఎవరి మీదా కోపం రాలేదు. రైలు వెళ్లిపోయాక ఇంటిదాకా నడిచే వచ్చాను.

మే 25, ఆదివారం

వదిన నా చేయి వదిలింది. తేలింది. లేచి నిలబడి, ముక్కు చీది, నన్ను తిట్టింది. సంతోషానికి.

మే 28

ఈ రోజు షాపుకు నటరాజు అన్న వచ్చాడు, వదిన భర్త. నన్ను కౌంటరులో చూసి గుమ్మంలోనే ఆగిపోయాడు.

"అమ్మా చందనా, నువ్వీడనా పని చేసేది?"

కూర్చోమన్నాను. కూర్చోలేదు. చేతిలో రుమాలు మెలిపెడుతున్నాడు.

"మీ వదిన ప్రతి ఆదివారం ఈడికి కండ్లు చూపించుకోను వస్తా ఉంది. కండ్లు ఎర్రగా చేసుకొని వస్తాది. ఏమే అంటే ఏం లేదంటాది. నాకు నిద్ర పట్టలా. నువ్వన్నా నిజం చెప్పు. దానికి చూపు పోతా ఉందా?"

అబద్ధం చెప్పొచ్చు. నోటి దాకా వచ్చింది, కొంచెం అలర్జీ అన్నా అని. కానీ ఆయన ముఖం చూశాక నా వల్ల కాలేదు. పూల్‌లో మందు కలుపుతారన్నా, దానికి ఎర్రబడతాయి, వదిన ఈత నేర్చుకుంటోంది, నాతో, అని చెప్పేశాను.

ఆయన అప్పుడు కూర్చున్నాడు. నీళ్లు తెచ్చిచ్చాను.

"ఈతా?" అన్నాడు. గ్లాసు ఖాళీ చేసి, "నీతోనా?" అన్నాడు. మూతి తుడుచుకుని, "చూపు బాగుంది కదా. అది చాలు" అని లేచి వెళ్లిపోయాడు. ఆ ముఖంలో ఏముందో నాకు అర్థం కాలేదు.

మే 29

వదిన ఫోన్ ఎత్తడం లేదు.

జూన్ 1, ఆదివారం

రాలేదు.

సెలవులకు వెళ్లినవాళ్లు ఇద్దరు తిరిగి వచ్చారు. బ్యాచ్‌కు ఇక భయం లేదని అభినయ చప్పట్లు కొట్టింది. ఇప్పుడు లెక్కకు వదిన అక్కర్లేదు. నాకే కావాలి.

పూల్ అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు ఈదాను. మధ్యలో ఎక్కడా కాలు కింద పెట్టలేదు. కమ్మీ పట్టుకుని, ఈత కళ్లద్దాలు పైకి ఎత్తి, అటూ ఇటూ చూశాను. అందరూ ఎవరి ఈత వాళ్లు ఈదుతున్నారు. ఇంతేనా అనిపించింది. మళ్లీ ఈదుకుంటూ వెనక్కి వచ్చాను.

బజ్జీలు కొన్నాను. ఒకటి తిని, మిగతావి ఆటో అతనికి ఇచ్చేశాను.

జూన్ 4

వదిన వాయిస్ మెసేజ్. గొంతు తగ్గించి, బహుశా అంగడి వెనక గదిలో నుంచి. అన్న ఏమీ అనలేదట. పైగా ఆ రోజు ఇంటికి వచ్చి, చూపు పోలేదన్న సంతోషంలో అత్తమ్మకు అంతా చెప్పేశాడట. అత్తమ్మ పక్క వీధిలోనే ఉంటుంది. అప్పట్నుంచి కూతురి ఇంట్లో కాఫీ తాగడం లేదట. ఈ వయసులో నీకీ తుళ్లింత ఏంది, అదీ దాంతోనా అందట.

చివర్లో ఒక మాట చెప్పబోయి ఆపేసింది. మెసేజ్ అక్కడ తెగిపోయింది. మూడుసార్లు విన్నాను. మూడుసార్లూ అక్కడే తెగింది.

జూన్ 8, ఆదివారం

వదిన వచ్చింది. వెనకే అత్తమ్మ. కూతుర్ని ఒంటరిగా పంపేది లేదు, ఏం జరుగుతోందో తన కళ్లతో చూస్తానని పట్టుబట్టి రైలెక్కిందట.

రా అత్తమ్మా అన్నాను. ముఖం రేకుల వైపు తిప్పుకుంది. ప్లాస్టిక్ కుర్చీలో, ఒళ్లో హ్యాండ్‌బ్యాగు పెట్టుకుని కూర్చుంది.

వదిన నీళ్లలోకి దిగింది. తల ముంచింది. ఊపిరి వదిలే పాఠం. కొంచెం ఎక్కువసేపే ఉంది లోపల.

కుర్చీ కింద పడిన చప్పుడు.

"చందనా! దాన్ని పట్టుకో!"

పట్టుకోవాల్సిన పని లేదు. వదిన బాగానే ఉంది, బుడగలు వస్తున్నాయి.

పట్టుకున్నాను.