తాలింపు లేని పప్పు

చోడవరం

అప్ప సన్యాసమ్మకి తమ్ముడు పైడయ్య దణ్ణాలు పెట్టి రాస్తున్నది. నీ మోకాళ్లు ఎలా ఉన్నాయి? బావ దగ్గు తగ్గిందా? ఆవు ఈనిందా? ఇక్కడ అందరం క్షేమం అని రాయాలి. రాయను. అబద్ధం.

ఇది నీకు చదివి వినిపించేది నీ మనవరాలే కదా. గుంటా, మెల్లగా చదువు, పక్కింటికి వినపడనీకు. ఫోను చెయ్యొచ్చు కదా అంటావు. నాకు చెవుడు. ఫోనులో నేను అరవాలి, నా ఇంటి గుట్టు వీధంతా వినాలి. అందుకే కాగితం.

నన్ను మావాడు చీడికాడ నుంచి ఎందుకు తెచ్చాడో నీకు తెలుసు. వాడు తెల్లారకుండా కంపెనీ బస్సెక్కి పరవాడ పోతాడు. కోడలు దేవిది బట్టల కొట్లో పని. పిల్లలిద్దర్నీ బడి ఆటో ఎక్కించి, సాయంత్రం దించుకోడానికి ఇంటి మనిషి కావాలి. ఆ మనిషిని నేను. బడి తెరిచిన వారం ఇల్లు సంతలా ఉండేది. ఒక బూటు దొరికితే రెండోది దొరకదు. కొత్త పుస్తకాలకి అట్టలు నేనే వేశాను. వంకరగా ఉన్నాయని మనవడు ఏడ్చాడు. వంకరే. కానీ ఊడవు.

తర్వాత మనవరాలికి జ్వరం. దాని వెనకే వాడికీ. ఆటోవాడు నవ్వేశాడు. "బడి తెరిస్తే ఇంతే తాతా. ఒకడు తుమ్మితే ఆటో అంతా తుమ్మతాది."

నాకు నవ్వు రాలేదు. పిల్లల్ని లోపలి గదిలో పెట్టి తలుపేశారు. నా మంచం వసారాలోకి వచ్చింది. నా కంచం, నా గ్లాసు వేరే గూట్లోకి పోయాయి. చేపలమ్మి వీధిలో కేకేస్తే కోడలు పిలవలేదు. పప్పులో తాలింపు లేదు. చారులోనూ లేదు. ఒక పూట మరిచిపోయింది అనుకోవచ్చు, పూటపూటా మరుస్తుందా?

"తాలింపు ఏదమ్మా?" అని అడిగేశాను.

"జొరాలు కదా మావయ్యా, సప్పగా తినాల."

"జొరం నాకేటి?"

కోడలు కంచం నా ముందుకి జరిపి వెళ్లిపోయింది.

మొగుడూ పెళ్లాలు గుసగుసలాడతారు, నేను వస్తే ఆపేస్తారు. "నాయినకి సెప్పకు" అన్న ముక్క నా చెవిన పడింది. చెవిటివాడికి వినపడకూడనివే వినపడతాయి.

నాకు అర్థమైపోయింది అప్పా. రాత్రిళ్లు నేను దగ్గుతాను కదా, ఆ దగ్గే పిల్లలకి అంటుకుందని వీళ్ల నమ్మకం. పిల్లలు బడికి పోకపోతే ఆటో ఎక్కించే ముసలాడితో పనేమిటి? పొమ్మనలేక పొగబెడతారంటారు. ఇక్కడ పొగ కూడా దండగ అనుకున్నారు, తాలింపు మానేశారు. నేను ఒకరి గుమ్మంలో చప్పిడి కూడు తిని పడుండే మనిషిని కాను. నీ ఇంట్లో పెరటి గది ఊడ్పించి ఉంచు. వచ్చేస్తున్నాను.

అప్పా, పై ముక్క రాసి జేబులో పెట్టుకుని స్టాంపు కోసం బయల్దేరాను. సందు చివర మా కోడలు, కొట్టుకి పోయిన మనిషి, వేపచెట్టు కింద కనపడింది. మండలు విరిచి, అటూ ఇటూ చూసి, కొంగు కింద దాచింది. దొంగతనం కాకపోతే దాపరికం ఎందుకు? వెనకే ఇంటికొచ్చాను. గుమ్మంలో పట్టుకున్నాను.

"కొంగు కింద ఏటమ్మా?"

"ఏటీ లేదు మావయ్యా."

లోపలి నుంచి మనవరాలు కేకేసింది. "తాతా! నాకు అమ్మోరు పోసింది! తమ్ముడికీ పోసింది! నీకు సెప్పొద్దని అమ్మ సెప్పింది!"

అమ్మవారు పోసిన ఇంట్లో తాలింపు పెట్టరని, నీచు వండరని నాకు తెలియదా? ఇంజెక్షన్లు తప్ప ఇంకేమీ నమ్మని మనిషి అనుకున్నాను ఈ కోడల్ని. అందుకే నా బుర్రకి తట్టలేదు.

"నాకెందుకు సెప్పలేదు?"

"సెప్తే మీరు ఊరుకుంతారా? నన్నేటి సేస్తాదని ఎల్లి పిల్లల మంచం మీదే కూకుందురు. సిన్నప్పుడు మీకు పోయలేదని మీరే కదా ఊరంతా సెప్పుకుంతారు! పెద్దోలకొస్తే పేణం మీదకొస్తాదన్నాడు డాక్టరు. గుమ్మానికి మండ కడితే మీకు తెలిసిపోద్దని గదిలోనే పెట్టేను."

నిజమే, చెప్పుకుంటాను. అమ్మవారు కూడా నా జోలికి రాలేదని. నీకు పోసినప్పుడు అమ్మ నన్ను వడ్డాది మావయ్య ఇంటికి పంపేసింది, గుర్తుందా? అప్పుడూ నన్ను తరిమేసిందనే అనుకున్నాను.

సాయంత్రం మావాడు తల దించుకుని వచ్చాడు. "నాయినా, తగ్గేదాకా అత్త ఇంటికి ఎల్తావేటి?"

"నాను ఎల్లను. ఎవుడు పంపుతాడో సూస్తాను," అన్నాను.

గది తలుపుకి ఇవతల పీట వేసుకుని కూర్చున్నాను. మనవరాలు అవతలి నుంచి పొక్కులు లెక్కపెట్టి చెబుతుంది. మనవడు తనవే ఎక్కువని దెబ్బలాడతాడు. ఇద్దరూ అబద్ధాలే. నాకింతవరకు పోయలేదు. రోజూ పొద్దున్న చొక్కా విప్పి చూసుకుంటున్నాను. అమ్మవారి మీదా నాకు అనుమానమే.

ఉత్తరం వెయ్యకుండా ఉంచాను. పై ముక్క కొట్టెయ్యను, రాసింది రాసినట్టే ఉండనీ. ఇవాళ పిల్లలకి వేపాకు, పసుపు నీళ్లు పోసింది కోడలు. డాక్టరు కూడా ఇంక భయం లేదన్నాడు. ఊళ్లో అమ్మవారికి పిల్లల పేరు చెప్పి పెరుగన్నం పెట్టించు. మరిచిపోకు, ఆవిడ మరవదు.

మధ్యాహ్నం వంటింట్లో ఆవాలు చిటపటలాడాయి. నా చెవికి కూడా వినపడ్డాయి. పిల్లలు నాకు చెరోవైపూ కూర్చున్నారు. కోడలు పప్పు వడ్డించి నా మొహం చూస్తూ నిలబడింది.

"ఆవాలు మాడ్సేవు," అన్నాను.

"అయితే తీసేయమంతారా మావయ్యా?"

"మరో గరిటె ఎయ్యి."

బావకీ, వీధిలో పెద్దలకీ నా దణ్ణాలు చెప్పు. నువ్వు పెద్దదానివి, నీ చెయ్యి ఈ పిల్లల నెత్తి మీద ఉందనుకుని ఒక మాట దీవించు.

నీ తమ్ముడు
పైడయ్య

పెరటి గది ఊడ్పించి ఉంటే ఉండనీ. తాళం వేసెయ్.