కరెంటు కారు, ఇరవై నాలుగు తేనెపెట్టెలు

సోమవారం
అక్క ఇంటి నుంచి

బావగారికి నమస్కరించి రాయునది,

ఇక్కడ నేను, అక్క, తేనెటీగలు క్షేమం. పొద్దుతిరుగుడు చేను దగ్గర మీరూ క్షేమమని తలుస్తాను. మీరున్న చోట ఫోను పలకదు కాబట్టి ఈ ఉత్తరం.

మీ లారీ పెద్దాయన నడుం పట్టేసి మంచమెక్కాడని, ఈ ఏడాది తేనెపెట్టెలు చేనికి ఎలా చేరతాయని దిగులుపడుతున్నారట. నేనుండగా దిగులెందుకు? ఇరవై నాలుగు పెట్టెలనూ ట్రెయిలరు మీద పేర్చి, నా కొత్త కరెంటు కారుకు తగిలించుకుని బుధవారం తెల్లవారగానే బయలుదేరుతున్నాను. పొగ లేదు, చప్పుడు లేదు. ఆ లారీ కుదుపులకు పాపం ఈగలకు సగం ప్రాణం పోయేది. నా వెనక నిద్రపోతూ వస్తాయి. ఒక్కసారి ఛార్జింగ్ పెడితే నాలుగు వందల కిలోమీటర్లని కంపెనీవాళ్ళు పుస్తకంలో అచ్చేశారు. మీ చేను మూడు వందల తొంభై. ఇంకా పది మిగులుతాయి. వాటితో మిమ్మల్ని అలా ఓ తిప్పు తిప్పుతాను.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. దారిలో మూడు ఛార్జింగ్ స్టేషన్లున్నాయి. వాటి చిరునామాలు వెనక రాశాను. ఊరికే, అందానికి.

❖

బుధవారం సాయంత్రం
చేను గట్టు నుంచి

బావమరిదికి ఆశీస్సులు.

నీ ఉత్తరం చేరింది. నువ్వు చేరలేదు.

ఉత్తరం తెచ్చిన పోస్టుబండి డ్రైవరు ఒక కబురు కూడా తెచ్చాడు. మొదటి ఛార్జింగ్ స్టేషన్ దగ్గర ఒక కారూ ఒక ట్రెయిలరూ అలిగిన మొగుడూ పెళ్ళాల్లా చెరో గోడ పక్కన నిలబడి ఉన్నాయట. మధ్యలో ఒకాయన కుర్చీ వేసుకుని పేపరుతో విసురుకుంటున్నాడట. అది నువ్వే అయి ఉంటావని ఈ ఉత్తరం అక్కడికే పంపుతున్నాను. నాలుగు వందల కిలోమీటర్లన్నావు. కంపెనీవాళ్ళు ఆ పుస్తకం అచ్చేసేటప్పుడు కారు వెనక ఏమైనా కట్టి చూశారో లేదో కనుక్కో.

ఇక్కడ పూలు విచ్చడం మొదలైంది. పది రోజులకు మించి నిలవవు. ఈగలు వాలకపోతే గింజ పట్టదు, పట్టినా తాలే. పదకొండేళ్ళుగా ఈ చేను ఆసామికి మాటిస్తున్నాను, నిలబెట్టుకుంటున్నాను. ఆయన గంటగంటకీ వచ్చి, రోడ్డు వైపు ఓసారి, నా వైపు ఓసారి చూసి వెళ్తున్నాడు. నోరు తెరిచి ఏమీ అనడు. అంటే బాగుండును.

ఇట్లు,
మీ బావ

తా.క. ఆ మిగిలే పది కిలోమీటర్లూ నీ దగ్గరే ఉంచుకో. నాకు తిరగాలని లేదు.

❖

గురువారం
మొదటి ఛార్జింగ్ స్టేషన్

బావగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం అందింది. ఆలస్యానికి కారణం విన్నవించుకుంటాను. ఇక్కడ ఛార్జర్ ముందు గూట్లో కారు మూతి పెట్టి నిలబెట్టాలి. వెనక ట్రెయిలరు ఉంటే తోక రోడ్డు మీదికి వస్తుంది. అందుకని విప్పి గోడ పక్కన పెట్టాను. రెండు గంటల పనే. కానీ ఎండెక్కేసరికి పెట్టెల్లో గోల మొదలైంది. వేడెక్కితే తలుపులు తియ్యమని, ఒకసారి తీశాక ఈగలన్నీ తిరిగొచ్చి చీకటి పడితేగాని మూయొద్దని అక్క కాగితం మీద రాసిచ్చింది. తీశాను. చీకటి పడ్డాక మూద్దామని కాస్త నడుం వాల్చాను. కళ్ళు తెరిచేసరికి తెల్లారింది. అవి నాకంటే ముందే లేచి పనిలోకి వెళ్ళిపోయాయి. కాబట్టి ఇవాళ కూడా ఇక్కడే.

మీ దగ్గర దాపరికమెందుకు. బయలుదేరినప్పుడు నూటికి నూరూ ఉంది. ఇక్కడికొచ్చేసరికి నూటికి పదకొండే మిగిలింది. చాలావరకు ఆ కొండ ఎక్కేటప్పుడే పోయింది. కానీ గోడకున్న తీగ తగిలించేసరికి మళ్ళీ పూర్తిగా నిండింది. మీరేం కంగారుపడకండి.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఎదురుగా ఆవచేను విరగబూసి ఉంది. దాని ఆసామి నిన్న నాకు కుర్చీ వేశాడు, ఇవాళ గొడుగు తెచ్చి పాతాడు. చదువుకున్నవాళ్ళంటే ఇక్కడ చాలా గౌరవంలా ఉంది.

❖

గురువారం సాయంత్రం
చేను గట్టు

బావమరిదికి. ఆశీస్సుల సంగతి తర్వాత చూద్దాం.

నూటికి పదకొండు. ఆ ముక్క మూడుసార్లు నేను చదివాను. నాలుగోసారి ఆసామి చదివి గట్టు మీద కూలబడ్డాడు.

ముప్ఫై ఏళ్ళుగా తేనెటీగలు పెంచుతున్నాను. వానకు పోయినవాటిని చూశాను, తెగులుకు పోయినవాటిని చూశాను. కొండ ఎక్కుతూ పోయినవాటిని చూడలేదు. నూటికి ఎనభై తొమ్మిది ఈగల్ని దారిలో జారవిడుచుకుని, గోడకున్న తీగ తగిలిస్తే నిండిందని రాస్తావా? ఏం నిండింది? కరెంటుకు ఈగలు పుట్టడం ఎప్పటి నుంచి? అంత సులువని తెలిస్తే ముప్ఫై ఏళ్ళు రాణీఈగలకు ఊడిగం చేసేవాణ్ణి కాదు, ఇంటి గోడకు నాలుగు ప్లగ్గులు బిగించుకుని కాలుమీద కాలేసుకుని కూర్చునేవాణ్ణి.

మీ అక్కకు కూడా ఉత్తరం రాశాను. అది చూసిన మరుక్షణం ఆవిడ బస్సెక్కుతుంది. వచ్చేదాకా దేన్నీ ముట్టుకోకు.

ఇట్లు,
బావ

తా.క. ఆ కొత్తగా నింపినవి కుడతాయా, షాకు కొడతాయా?

❖

శుక్రవారం
రెండో ఛార్జింగ్ స్టేషన్

బావగారికి నమస్కారాలు.

మీరు పొరబడ్డారు. పోయింది ఈగలు కాదు, కారులో ఛార్జింగ్. ఈగలు ఒక్కటంటే ఒక్కటి కూడా పోలేదు. ప్రస్తుతం అన్నీ ఎదురుగా ఉన్న నిమ్మతోటలో ఉన్నాయి. చీకటి పడ్డాక వస్తాయి.

ఇక్కడ ఛార్జర్లు రెండు. ఒకటి చెడిపోయింది. రెండోది చెడిపోయిందో లేదో తేలడం లేదు. గోడ మీదున్న నంబరుకు ఫోను చేస్తే ఒకావిడ ఎంతో మర్యాదగా, ప్లగ్గు తీసి మళ్ళీ పెట్టమంది. తీసి పెట్టాను. అయితే పక్క స్టేషన్‌కు వెళ్ళమంది. వెళ్ళగలిగితే మీకు ఫోనెందుకు చేస్తానమ్మా అన్నాను. ఆలోచించి చెబుతానంది. మధ్యాహ్నానికి అదే మనసు మార్చుకుని పనిచేయడం మొదలుపెట్టింది. ఛార్జర్ సంగతి చెబుతున్నాను.

ఇంకో విషయం. మొదటి స్టేషన్ నుంచి ఇక్కడికి వచ్చేటప్పుడు ట్రెయిలరు బాగా బరువెక్కినట్టు అనిపించింది. ఛార్జింగ్ ఇంకా త్వరగా కరిగిపోయింది. ఏం ఎక్కిందో తెలియదు.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. ఇంకో రెండు రోజులుండమని నిమ్మతోట ఆసామి, ఆయన భార్య ఒకటే పట్టు. మన చుట్టాల్లో ఎవరూ నన్నిలా అడగలేదు.

❖

శనివారం
చేను గట్టు

రోడ్డు మీద కాపురం పెట్టినవాడికి బావ రాయునది,

ఈగలు బతికే ఉన్నందుకు సంతోషం. పరాయివాళ్ళ ఆవచేలో, నిమ్మతోటలో వెట్టిచాకిరీ చేస్తున్నందుకు మరీ సంతోషం. నా ఆసామి చేను తప్ప లోకంలోని చేలన్నిటికీ సేవ చేయిస్తున్నావు. ఆ కుర్చీలూ గొడుగులూ నీ చదువు చూసి వచ్చాయనుకుంటున్నావా? నీ వెనకున్న పెట్టెల్ని చూసి వచ్చాయి. ట్రెయిలరు బరువెక్కిందట, ఏం ఎక్కిందో తెలియదట. దారిన పోయేవాళ్ళని ఎవరినైనా ఎక్కించుకుని ఉంటే దింపెయ్యి.

ఇక్కడ సగం పూలు విచ్చాయి. ఆసామి గంటగంటకీ రావడం మానేశాడు. కుర్చీ తెచ్చుకుని నా షెడ్డు ముందే కూర్చున్నాడు. ఇవాళ మాత్రం నోరు తెరిచాడు.

“పదకొండేళ్ళుగా మీ మాట మీదే విత్తుతున్నానండీ.”

అంతే అన్నాడు. రేపటి నుంచి ఇద్దరం చేతులకు గుడ్డలు చుట్టుకుని, ఒక పువ్వు పుప్పొడి ఇంకో పువ్వుకు రుద్దుతూ పోతాం. చేను ఆరెకరాలు.

ఇట్లు,
ఇంకా నీ బావనే

తా.క. లెక్క వేశాను. ఇద్దరం పొద్దస్తమానం రుద్దినా నూటికి ఒకటి అవుతుంది. అక్కడ గోడకు తీగ ఏమైనా మిగిలి ఉంటే పంపు.

❖

ఆదివారం
మూడో ఛార్జింగ్ స్టేషన్

బావగారికి నమస్కారాలు.

అక్క వచ్చింది. బస్సు దిగి నన్ను పలకరించలేదు. చేతిసంచి నా చేతిలో పెట్టి, తిన్నగా పెట్టెల దగ్గరికి వెళ్ళి ఒకదాని మూత ఎత్తింది. రెండోది ఎత్తింది. మూడోది ఎత్తాక నా వైపు తిరిగింది.

“ఏం పెట్టావురా వీటికి?”

నేనేమీ పెట్టలేదని ప్రమాణం చేశాను. చట్రాల నిండా తేనె, బావగారూ. వేలితో తీసి నాలుక మీద వేసుకుని, ఇది ఆవపూలది, ఇది నిమ్మపూలది అని చెప్పింది. ట్రెయిలరెక్కిన బరువు అదేనట. లారీలో ఒక్క ఊపున తెచ్చినప్పుడు ఈగలు బెదిరిపోయి మూడు రోజులదాకా గడప దాటేవి కావట. ఇలా ఆగి ఆగి రావడంతో ఇవి ఎక్కడ ఆపితే అక్కడ పనిలోకి దిగుతున్నాయని తనే ఆశ్చర్యపోయింది.

మిమ్మల్ని తలుచుకుని మాత్రం మొహం చిన్నబుచ్చుకుంది. ఆయన ఒక్కరోజు కూడా మాట తప్పిన మనిషి కాదు, ఇంకా ఇక్కడ నిలబడితే ఎలా అంది. ఇక కారు తనే నడుపుతానంది. కొండ మీద కూడా దాన్ని పరుగు పెట్టించావు, వెనక ఇంత బరువున్నప్పుడు నిండుచూలాలిని నడిపించినట్టు నడిపించాలి అని నన్ను కోప్పడింది. సోమవారం పొద్దుటికి మీ ముందుంటాం.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. నన్ను వెనక సీట్లో కూర్చోమంది. నోరు విప్పితే ఛార్జింగ్ తగ్గుతుందట.

❖

నెల తర్వాత, మంగళవారం
చేను గట్టు

ప్రియమైన బావమరిదికి ఆశీస్సులు.

ఈ పిలుపు చూసి కంగారుపడకు. మీ అక్క పక్కనే కూర్చుని ఉంది.

పెట్టెలు దింపిన గంటకు ఈగలు పూల మీద ఎలా ముసురుకున్నాయో నువ్వూ చూశావు. తర్వాతి సంగతి విను. నిన్న ఆసామి ఒక పువ్వు తల కోసి తెచ్చి, నా ముందు కూర్చుని గింజలు వలిచాడు. నడిమధ్య దాకా గట్టి గింజే. తాలు వెతికినా లేదు. వలవడం అయ్యాక తన కుర్చీ ఎత్తుకుని ఇంటికి వెళ్ళిపోయాడు. ఆ కుర్చీ వెళ్ళడం చూసి నా కళ్ళు తడిశాయి. ఇది ఎవరికీ చెప్పకు.

ఎదురుగా ఒప్పుకోలేను కాబట్టి కాగితం మీద ఒప్పుకుంటున్నాను. నీ వల్ల మంచే జరిగింది. నీకు తెలియకుండా జరిగింది, అది వేరే సంగతి.

ఆవచేను ఆసామి, నిమ్మతోట ఆసామి ఉత్తరాలు రాశారు. వచ్చే ఏడు తమ దగ్గర నాలుగేసి రోజులు ఆగాలట. మీ అక్క ఒప్పేసుకుంది. లారీ పెద్దాయన నడుం బాగుపడి పనికోసం వస్తే, మీది మరీ వేగమండీ అని మంచినీళ్ళిచ్చి పంపేసింది.

ఇదంతా మన ఆసామి చెవిన పడింది. ఈ వారంలోనే చేను గట్టున సొంతంగా ఒక ఛార్జర్ పెట్టించాడు. వెళ్ళి చూశాను. ఒకటే గూడు, తీగ చూస్తే మూరెడు. ట్రెయిలరు విప్పితేగాని అందదు. ఇంత పొట్టిది పెట్టించారేమిటని అడిగాను. కావాలనే పెట్టించానన్నాడు.

ఇట్లు,
మీ బావ

తా.క. ఎంతసేపట్లో నిండుతుందని కూడా అడిగాను. దుకాణంలో ఉన్నవాటన్నిట్లోకీ నిదానమైనది ఏరి తెచ్చాడట. తొమ్మిది రోజులు.