పెనం అన్నయ్యకు, ఇల్లు తే-యున్‌కు

సోల్ నగరం మాపోలో ఉంటూ, ఇరవై ఎనిమిదేళ్లుగా పత్రికకు సంపాదకీయాలు రాస్తున్న, యాభై ఆరేళ్ల నామ్‌గుంగ్ హె-రాన్ అనే నేను, ఎవరి బలవంతమూ లేకుండా, స్వహస్తాలతో రాసుకున్న వీలునామా ఇది. గురువారం నాకు గుండె ఆపరేషన్. చెడింది గుండే గానీ బుర్ర కాదు. కోపం మతిభ్రమణం కాదని డాక్టరు చేత రాయించి జతపరిచాను. మా అన్నయ్య అడుగుతాడు. బల్ల మీదే పోతే నా శవం ముందు ఎవరు నిలబడాలన్నదే అసలు తగాదా.

1. ఇంతకు ముందు రాసిన వీలునామాలన్నీ రద్దు. దీన్ని అమలు చేయవలసింది నా స్నేహితురాలు, వకీలు గు మి-రే.

2. మాపో ఫ్లాటు సర్వహక్కులతో బోంగ్ తే-యున్‌కు చెందాలి. అతను నా జిమ్ ట్రైనర్, నాకన్నా పదమూడేళ్లు చిన్న, ఆరేళ్లుగా నాతోనే ఉంటున్నాడు. వలేసి పట్టాడనే వాళ్లకు: మొదట భోజనానికి పిలిచింది నేను. మూడుసార్లు పిలిచాను. "మెంబరు గారూ, ఏడు దాటాక నూడుల్స్ తినకూడదండీ" అని మూడుసార్లూ ఎగ్గొట్టాడు. నాలుగోసారి ఉడకేసిన చిలగడదుంపలు పట్టుకొని తనే వచ్చాడు. ఇప్పటికీ ముద్దు పెట్టుకోబోతూ "మెంబరు గారూ, వీపు నిటారుగా" అంటాడు.

మా ఎడిటరు తనకన్నా ఇరవై ఏళ్లు చిన్నదాన్ని చేసుకుంటే "ఘటికుడు" అన్నారు. నన్ను "పాపం, మోసపోతోంది" అన్నారు. రెండు మాటలూ ఒకే విందులో, ఒకే నోటి నుంచి వచ్చాయి. నేను అక్కడే కూచుని వాళ్లకు మాంసం కాలుస్తున్నాను.

3. పెద్దల తద్దినాలకు ముప్ఫై ఏళ్లు నేను అట్లు వేసిన పెనం మా అన్నయ్య జాంగ్-సిక్‌కు. మొక్కడం అతని వంతు, పొగ నా వంతు. ఇకమీద రెండూ అతనే చూసుకోవాలి.

4. నా చలికోటు జిమ్‌లో తువ్వాళ్లు ఉతికే ఓక్-బున్ అక్కకు. మా సంగతి తెలిసి అందరూ నవ్వితే, "ఆకలేస్తే తింటారు, వయసు అడిగి తింటారా" అన్నది ఆవిడొక్కతే.

5. పోయిన ఆదివారం అన్నయ్య ఆసుపత్రికి వచ్చాడు. "చెల్లీ, కర్తగా మావాడే ఉంటాడు. ఆ కండలవాడు ఎవరని నిలబెడతాం? పరువుండాలి" అన్నాడు. మావాడంటే అతని కొడుకు. తొమ్మిదేళ్లుగా ఒక్క ఫోను చెయ్యని మేనల్లుడు. మగపుట్టుక తప్ప ఇంకో అర్హత లేదు. "పెళ్లి నమోదు చేసుకుంటే పోయేదిగా" అని వదిన. పెళ్లిచట్టాన్ని తప్పుపడుతూ మూడు పుస్తకాలు రాశాను వదినా, ఒక్కటైనా తెరిచావా?

తే-యున్ మాత్రం నా కాళ్లకు మేజోళ్లు తొడుగుతూ, "గొడవెందుకండీ, నేను వెనక వరసలో నిలబడతా లెండి" అన్నాడు. ఈ వీలునామా రాయించింది ఆ మాటే.

అందుచేత నా అంత్యక్రియలకు కర్త బోంగ్ తే-యున్. కర్త చేతికి కట్టే పట్టీ అతనికే కట్టాలి. వచ్చినవాళ్లు ముందు అతనికే వంగి నమస్కరించాలి. అంత్యక్రియల హాలు గుమ్మంలో తెర మీద పోయినవాళ్ల బంధువుల పేర్లు వరసలతో వేస్తారు: కొడుకు, కోడలు, అల్లుడు. అతని పేరు పక్కన స్నేహితుడనీ, పరిచయస్థుడనీ వేస్తే ఒప్పుకోను. "ప్రియుడు" అని వెయ్యాలి. అలాంటి గడి లేదని గుమాస్తా అంటే, పెద్ద అక్షరాలతో కాగితం మీద రాసి తెరకు అంటించండి.

2025 నవంబర్ 18
(సంతకం, ముద్ర) నామ్‌గుంగ్ హె-రాన్

సాక్షులు: చొన్ ఉన్-బి, సహోద్యోగిని; ప్యో గి-జు, పొరుగింటాయన