పేరు పెట్టి పిలిచిన కేక

డిసెంబరు 6, 1977. మంగళవారం

ఉయ్యూరు దాకా బస్సులో నిలబడే. చక్కెర ఫ్యాక్టరీ దగ్గర సగం మంది దిగాక సీటు దొరికింది. చెరుకు బళ్ళు, మడ్డి వాసన. చల్లపల్లి దాటాక ఆ వాసన పోయి ఇంకోటి మొదలైంది. ఉప్పెన వచ్చి రెండు వారాలు దాటినా అది పోలేదు. కొంగు ముక్కుకి అడ్డం పెట్టుకున్నాను, మళ్ళీ సిగ్గేసి తీసేశాను.

హైస్కూల్లో శిబిరం. డాక్టరుగారు నిద్ర మాత్రలు రాస్తారు, నేను పక్కన కూర్చుని కేసు షీటు నింపుతాను. ఆసుపత్రిలో సోషల్ వర్కర్ అంటే ఇదే. ఎవరు పోయారు, ఏం పోయింది, నిద్ర పడుతోందా. రెవెన్యూ వాళ్ళూ అదే అడుగుతున్నారు, పేపర్ల వాళ్ళూ అదే, మేమూ అదే. జనం పాఠం అప్పజెప్పినట్టు చెప్పేస్తున్నారు. చెప్పేటప్పుడు ఎక్కడో చూస్తున్నారు.

ఒకామెని షీటులో లేనిది అడిగాను. ఆ నీళ్ళలో నువ్వేం చేశావమ్మా? అల్యూమినియం బిందె బోర్లించి పొట్ట కింద పెట్టుకుందట. అలాగే తేలిందట. అది నీకెవరు నేర్పారు అన్నాను.

"చేపలోళ్ళం. నీళ్ళ సంగతి మాకొకళ్ళు చెప్పాలా తల్లీ?"

నవ్వింది! ఈ శిబిరంలో నేను చూసిన మొదటి నవ్వు.

డిసెంబరు 7

షీటు వెనకవైపు కొత్త గడి గీశాను — "మీరేం చేశారు?" డాక్టరుగారు కళ్ళద్దాలు పైకి జరిపి చూశారు. "దీనికి ఏం మాత్ర రాయనమ్మా?" వెక్కిరింపే. వెక్కిరించుకోనీ.

డిసెంబరు 13

వరండా స్తంభం దగ్గర ఒకావిడ. నాంచారమ్మ. ముప్ఫై అయిదు దాటి ఉండవు. ఉప్పెన రోజు నుంచీ మాట లేదు. ఎవరైనా కూర్చుని పెడితే రెండు ముద్దలు, లేకపోతే అదీ లేదు. చేతులు కర్రపుల్లలైపోయాయి. ఇలాగే ఉంటే నెల తిరగదు అంటారు డాక్టరుగారు.

పిల్లల్లేరు. మొగుడు ఏమయ్యాడో తెలీదు, శవం దొరకలేదు. జాబితా రాసే గుమాస్తా మొగుడి పేరు అడిగితే తల వంచుకుందట. "వీళ్ళు మొగుడి పేరు నోటితో చెప్పరు కదండీ" అని ఆయన పక్కవాళ్ళని అడిగి రాసుకున్నాడు. మా అక్క మాత్రం? బావ పేరు చెప్పాల్సొస్తే ఇప్పటికీ నన్ను ముందుకి తోస్తుంది.

బిందె ఆవిడ అంది — "దీనికి మాట లేకపోడం ఏందమ్మా! వీధి మొదట్లో చేపలని కేకేస్తే కాలవ అవతలోళ్ళు గిన్నెలు పట్టుకొచ్చేవోళ్ళు."

డిసెంబరు 14

దొరికింది. వెతికిన కథ దొరికింది!

ఆ సాయంత్రం నాంచారమ్మ చేపలమ్మి తిరిగొస్తూ రైసు మిల్లు డాబా ఎక్కిందట. వానలో ఎదురుగా ఉన్నది కనపడటం లేదు. పైనుంచి ఒకటే కేకలు. కొట్టుకుపోతున్నవాళ్ళు ఆ గొంతు ఎటుందో అటు కాళ్ళూ చేతులూ ఆడించి డాబా చేరారు. తొమ్మిది మంది. "ఏవంటందో తెలీలేదమ్మా, గాలి. గొంతు మాత్రం తెలిసింది" అన్నాడొకాయన.

షీటు మీద నాంచారమ్మ అంటే మాట లేదు, తిండి లేదు, నిద్ర లేదు. షీటు బయట నాంచారమ్మ అంటే తొమ్మిది ప్రాణాలు. ఈ రెండోది ఆవిడకి ఎవరూ చెప్పలేదు. నేను చెబుతాను.

డిసెంబరు 20

చెప్పాను. పక్కన కూర్చుని, నెమ్మదిగా. నీ కేక పట్టుకుని తొమ్మిది మంది ఒడ్డున పడ్డారమ్మా...

తల తిప్పి నా వంక చూసింది. వారం రోజుల్లో మొదటిసారి. చెయ్యి గొంతు మీదకి వెళ్ళింది, అక్కడే ఉండిపోయింది. గర్వమేమో అనుకున్నాను. సాయంత్రం అన్నం తనే కలుపుకుంది.

బస్సులో వస్తూ కూనిరాగం తీశానట, కండక్టరు నవ్వాడు.

డిసెంబరు 22

డాక్టరుగారితో గొడవ. ఆ తొమ్మిది మందినీ కూర్చోబెట్టి, ఆవిడ ముందే ఒక్కొక్కరిచేత చెప్పిస్తానన్నాను. "ఎందుకు మాట్లాడటం లేదో ముందు తెలుసుకో" అన్నారు. ఎప్పుడూ 'ఎందుకు' అన్న ప్రశ్నే ఈయనకి. పోయినదాన్ని తవ్వితే ఏమొస్తుందండీ, ఉన్నదాన్ని చూపిస్తే లేచి నిలబడతారు అన్నాను. గొంతు పెంచాను కూడా.

"గాయం ఎక్కడుందో చూడకుండా కట్టు కట్టేస్తున్నావు" అన్నారు. కాగితాలు సర్దుకుని వచ్చేశాను.

డిసెంబరు 27

రాయాలి. రాయకపోతే తల పగిలిపోతుంది.

తొమ్మిది మందిలో ఆరుగురు వచ్చారు. మిగతావాళ్ళు చుట్టాల ఊళ్ళకి పోయారు. చాప పరిచి నాంచారమ్మని మధ్యలో కూర్చోబెట్టాను. ఒక్కొక్కరూ చెప్పారు. ఒకావిడ కాళ్ళకి దణ్ణం పెట్టింది. నాంచారమ్మ కళ్ళు ఒకరి మీంచి ఒకరి మీదకి పోతున్నాయి. నేను లోపల ఎగిరి గంతేస్తున్నాను.

అప్పుడు వెంకటస్వామి తాత లేచాడు. నా లిస్టులో లేడు. డాబా ఎక్కినవాడే కాదు. నేనూ చెప్పాలమ్మా అంటే — చెప్పు తాతా అన్నాను. నేనే అన్నాను.

"దీని మొగుడూ నేనూ ఒకే తుమ్మచెట్టు ఎక్కాం. ముళ్ళు గుచ్చుకుంటన్నా చెట్టు గట్టిది, కదల్లేదు. అప్పుడు గాలి మావైపు తిరిగి ఇనపడింది కేక. పేరు పెట్టి పిలుస్తంది. ఇన్నేళ్ళ కాపరంలో ఎప్పుడన్నా పిలిచిందా? పానం మీదకొస్తే తప్ప నా పేరు దాని నోట రాదు, నే పోవాల బాబాయ్ అని నీళ్ళలోకి దిగాడు. ఎంత చెప్పినా ఇన్లేదు. మిల్లు ఎక్కడ, మేవెక్కడ! అంత గొంతమ్మా ఇది."

పొగిడాడు. నిజంగా పొగడ్తగానే చెప్పాడు. మిగతావాళ్ళు చెప్పినట్టే.

నాంచారమ్మ లేచి, చాప అంచు దాటి, స్తంభం దగ్గరికి వెళ్ళి గోడ వైపు తిరిగి కూర్చుంది. నేనేమన్నాను? "సరే తాతా, కూర్చో" అన్నాను. ఇన్నేళ్ళ చదువుకి నా నోట వచ్చిన మాట అది.

ఆ పేరు జాబితాలో చూశాను. ఇక్కడ రాయబోయి కలం ఆపేశాను. ఆవిడ నోట ఒక్కసారి వచ్చిన పేరు నా కాగితం మీద ఎందుకు?

డిసెంబరు 28

అన్నం సయించలేదు. ఏమైందే అంటుంది అక్క. ఏమీ లేదన్నాను.

డిసెంబరు 31

పొద్దున్నే వీధిలో చేపలావిడ కేక. మా మాచవరంలో ఈవిడ ఏళ్ళుగా వస్తోంది, అదే కేక. కిటికీ మూశాను. మూసినా వినపడుతోంది, ఆవిడ వీధి దాటి వెళ్ళాక కూడా.

ఆ తుమ్మచెట్టు మీదికి కూడా ఇలాగే వినపడి ఉంటుంది. దూరంగా... కానీ స్పష్టంగా.

జనవరి 3, 1978

స్తంభం దగ్గర ఎవరూ లేరు.

శుక్రవారమే వెళ్ళిపోయిందట. ఎవరికీ చెప్పలేదు. సముద్రం వైపు నడిచి వెళుతుంటే చూశామన్నారు. ఆపలేదా అన్నాను. "మా ఊరు అటే గదమ్మా" అన్నారు.

నేనే చంపాను. ఇది ఎవరితోనూ అనలేను కాబట్టి ఇక్కడ అంటున్నాను.

జనవరి 4

డాక్టరుగారు వచ్చారు. టీ తెప్పించి నా బల్ల ముందు కూర్చున్నారు. ముందే చెప్పానుగా అని ఉంటే ఏడ్చి ఊరుకునేదాన్ని. మనిషిని పంపి వాకబు చేయిస్తానన్నారు.

జనవరి 7

కబురు లేదు. గడి గీసిన షీట్లన్నీ బీరువాలో పెట్టి తాళం వేశాను. బిందె ఆవిడ నవ్వు కూడా వాటిలోనే ఉంది. అది అబద్ధం కాదు కదా... ఏమో.

జనవరి 10

ఉంది! బతికే ఉంది.

వాళ్ళ ఊళ్ళోనే, ఇల్లు ఉండే చోట. తాటాకులు వాల్చిన నీడ కింద కూర్చుని ఉంది. పక్కన కుండ, పొయ్యి మీద గంజి. నన్ను చూసి జరిగి చోటిచ్చింది. మాట్లాడింది. ఆ గొంతు నేను అనుకున్నట్టు లేదు, బొంగురు.

"నా గొంతు ఆడదాకా ఇనపడిందా అమ్మగారూ?"

వినపడిందట అన్నాను.

"నాకేం కాలా. డాబా మీద బాగానే ఉన్నా. ఆయన కనపడక పిలిచా. రోజూ పిలిచినట్టు ఏవయ్యో అంటే ఎవరనుకుంటాడు? ఊళ్ళో ఆడోళ్ళందరూ మొగుళ్ళని ఏవయ్యో అనే పిలుస్తారు. అందుకని పేరు పెట్టా."

తొమ్మిది మందిని బతికించావు నాంచారమ్మా అన్నాను. సిగ్గు లేకుండా మళ్ళీ అదే అన్నాను. ఇంకేం చేతిలో లేదు నాకు.

"వాళ్ళని నేను పిలవలా. వాళ్ళంతట వాళ్ళొచ్చారు. నేను పిలిచింది ఒక్కణ్ణే."

గంజి పొంగింది. దించింది. తర్వాత తల ఎత్తకుండా — "పిలవకపోతే ఆ చెట్టు మీదే ఉండేవోడు. అవునా, కాదా? మీరు అందర్నీ అన్నీ అడుగుతారు గదా, ఇది మీరు చెప్పండి."

తెలీదన్నాను. నాకు తెలుసు. ఆవిడకీ తెలుసు.

బయల్దేరుతుంటే ఆపింది. "ఆ ముసలాయన్ని ఒకసారి తీసుకురండి. ఆయన దిగేటప్పుడు ఎట్టా ఉన్నాడో అడగాల. భయపడ్డాడేమో అడగాల. అది తెలీకుండా నాకు ముద్ద దిగటం లేదు."

కుండలో గంజి అలాగే ఉంది. ఎంత తిందో, ఎన్నాళ్ళ నుంచి అలా కాచి దించుతోందో అడగలేదు.

జనవరి 17

శిబిరంలో వెంకటస్వామి తాత ఒక పట్టాన ఎదురు పడలేదు. పంపు దగ్గర పట్టుకున్నాను. "నా నోరు పడిపోను, ఆ రోజు ఎందుకు చెప్పానో" అని తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. నాంచారమ్మ అడగమన్నది అడిగాను. భయపడ్డాడా?

తువ్వాలు తీసి భుజాన వేసుకున్నాడు.

"భయవా? నవ్వాడమ్మా. ఇన్నావా బాబాయ్, నా పేరు పిలిచింది అన్నాడు. కొత్త పెళ్ళికొడుకల్లే నవ్వాడు. నవ్వుకుంటానే దిగాడు." నా మొహంలోకి చూశాడు. "ఇది చెప్పమంటారా దానికి?"

ఇప్పుడు కాదు, ఆలోచించి చెబుతానన్నాను.

జనవరి 19

డాక్టరుగారికి చెప్పాను. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ కూర్చున్నారు. ఏం చేయమంటారు అంటే — "నాకు తెలీదమ్మా" అన్నారు. ఆయన నోట ఆ మాట ఎప్పుడూ వినలేదు. భయమేసింది.

జనవరి 22. ఆదివారం

సంతోషంగా పోయాడని తెలిస్తే ఆవిడకి ముద్ద దిగుతుందా? లేక ఇన్నేళ్ళలో ఒక్కసారి పేరు పిలిస్తే అంత మురిసిపోయే మనిషిని ఆ పిలుపుతోనే పోగొట్టుకున్నానని ఆ కాస్త తిండీ మానేస్తుందా? రెండు వైపులా నాలుగు రోజులుగా వాదించుకుంటున్నాను. ఒక పూట అటు, ఒక పూట ఇటు.

ఇందాక అక్కని అడిగాను, ఊరికే — బావని పేరు పెట్టి పిలిస్తే ఏమంటాడే? "ఏమంటారు, సంబరపడతారు" అంది, పప్పు ఏరుతూ.

తాత మంగళవారం బస్సు దగ్గరికి వస్తానని కబురు చేశాడు. నేను చెప్పమంటే ఉన్నదున్నట్టు చెబుతాడట. వద్దంటే, భయపడలేదమ్మా అని అంతవరకే చెప్పి ఊరుకుంటాడట. మీరెట్టా అంటే అట్టా అన్నాడట.

ఎల్లుండే మంగళవారం.