మంచానికి బిగించిన మిషను

1946 ఆగస్టు 10, శనివారం

రెండు మిషన్లూ వచ్చాయి. ఇనప సామాన్ల కొట్టు ఖాదర్ మామ కూలివాడి నెత్తిన పెట్టించి తనే వెంట వచ్చాడు. "రెండూ ఉంచుకోండమ్మా. తిప్పి సూడండి. నచ్చింది అట్టేపెట్టుకుని రెండోది పండక్కి వారం ముందు ఇచ్చేయండి."

సేమియా తీసే మిషన్లు. ఒకటి నల్లటి ఇనపది — పైన గరాటు, పక్కన పిడి, ముందు కన్నాల బిళ్ళ, కింద మంచం పట్టెకి బిగించే మర. రెండోది ఇత్తడి గొట్టం, నెత్తిన మర, దానికో అడ్డపిడి. జంతికల గొట్టానికి పెద్దన్న.

రోజా ఉపవాసంతో నోరు ఎండిపోతోంది. అయినా ఆ ఇనపదాన్ని చూస్తుంటే దాహం గుర్తు రాలేదు. లోపల ఏముందో...

అత్తమ్మ వసారాలోంచి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆగస్టు 11

ఎందుకు తెప్పించామో ఇంట్లో ఎవరూ పైకి అనరు. ఇక్కడ రాసుకుంటాను. అత్తమ్మ వేళ్ళు. పోయినేడు కణుపులు వాచాయి. ఈ ఏడు పిడికిలి మూసుకోవడం లేదు.

ఏటా రంజాన్‌కి వీధంతా పంచే సేమియా ఆవిడ చేతిదే. రెండు వేళ్ళ మధ్య పిండి నలిపి దారం లాగుతుంది, బోర్లించిన కుండ మీద ఆరేస్తుంది. హిందువుల ఇళ్ళకి మేం వండింది పంపం. వండని సేమియా, బెల్లం ముక్క, కాసిని జీడిపప్పులు — అరిటాకులో చుట్టి పంపుతాం. వాళ్ళు ముందు ఆకు విప్పి వెలుతుర్లో పెట్టి చూస్తారు, ఆ తరవాతే పొయ్యి. పక్కింటి అప్పలనరసమ్మ గారు ఏటా అనే మాటే — "మీ అత్త సెయ్యి సీకట్లో అయినా పోల్చుతానమ్మా."

నేనూ తీసి చూశాను ఒకసారి. నా సేమియాతో మేకని కట్టెయ్యొచ్చు.

ఆయన రాత్రి అన్నానికి కూర్చుని, "మిషనయితే అమ్మకి శ్రమ తప్పుతాది" అన్నారు.

"నాను శ్రమని అన్నానేటి?" అంది అత్తమ్మ.

తరవాత ఆయన నాతో — "జుబేదా, ఏది ఉంచాలో నువ్వే తేల్చు. నాకు గోనెసంచులు తప్ప ఏటీ తెలీదు."

ఆగస్టు 12

ఇనపదాన్ని విప్పేశాను. ఉండబట్టలేక.

లోపల లావుపాటి మర ఒకటి, చుట్లు చుట్లుగా. పిడి తిప్పితే పిండి ఆ చుట్ల మధ్య ఇరుక్కుని వెనక్కి పోలేక కన్నాల వైపే నడుస్తుంది. అంతే. ఇంత చిన్న ఉపాయం! ఎవడి బుర్రలో పుట్టిందో, వాడి అమ్మకి కూడా వేళ్ళు నొప్పులా?

"మళ్ళీ బిగించగలవేటే?" — అత్తమ్మ, గుమ్మంలోంచి.

"బిగిస్తానత్తమ్మా."

"గోడ గడియారం కూడా బిగిత్తానన్నావు."

ఈ ఇంట్లో ఆ గడియారాన్ని ఎవరూ మర్చిపోరు.

ఆగస్టు 13

మొదటిసారి తిప్పాం. తగలడింది.

పిండి అత్తమ్మ చేతే కలిపించాను. ఆవిడ ఎప్పుడూ కలిపినట్టే కలిపింది — మెత్తగా, నూనె రాసి, తడిగుడ్డ కప్పి. చేత్తో లాగడానికి అదే కావాలి. మిషనులో పెడితే దారాలు బయటికొచ్చి ఒకదాన్నొకటి కావలించుకుని ముద్దయి పళ్ళెంలో పడ్డాయి. ఉప్పు సరిపోయిందో లేదో కూడా తెలీదు, రోజా ఉన్నవాళ్ళం ఎవరం నోట్లో వేసుకుంటాం? అందరం కళ్ళతోనే రుచి చూశాం.

సాయంత్రం రోజా విడిచాక అదే ఉడకబెట్టి పెట్టాను. "జావ బాగుంది" అన్నారు ఆయన. పాపం, మనస్ఫూర్తిగానే.

ఆగస్టు 14

వాన. రేషను మైదా తీసి చూసుకున్నాను. పాడుచేసుకునేంత లేదు.

ఆగస్టు 15

ఇత్తడి గొట్టం. దారం ఎంత సన్నం! పక్కన పెడితే అత్తమ్మది ఏదో చెప్పడం కష్టమే. కానీ పైపిడి తిప్పడానికి రెండు చేతులూ భుజాలూ కావాలి. ఒక్క గొట్టం దిగేసరికి నా జబ్బలు పడిపోయాయి.

మధ్యాహ్నం నేను వంటింట్లో ఉన్నాననుకుని అత్తమ్మ ఆ గొట్టం దగ్గరికి వెళ్ళింది. పిడి మీద అరచేతులు ఆనించి తిప్పబోయింది. కదల్లేదు. ఇంకోసారి. కదల్లేదు. కొంగుతో పిడిని తుడిచి, ఉన్నచోటే పెట్టేసి వచ్చేసింది.

నేను తలుపు చాటు నుంచి వెనక్కి జరిగాను. చూశానని తెలిస్తే సిగ్గుపడుతుంది. నాకు ఏడుపొచ్చింది.

ఇత్తడిది వద్దు.

ఆగస్టు 17, శనివారం

ఈసారి పిండి నేను కలిపాను, గట్టిగా. ముద్దని గోడకేసి కొడితే గోడకే దెబ్బ.

వచ్చింది! దారాలు దారాలుగా, విడివిడిగా వచ్చింది. ఒక్కటే చిక్కు. నేను పిడి తిప్పుతుంటే మంచం అటు చివర గాల్లోకి లేస్తోంది. "అత్తమ్మా, కాస్త అటు కూచోండి" అన్నాను. కూర్చుంది. పొద్దుటి నుంచి మధ్యాహ్నం జొహర్ నమాజు దాకా కూర్చునే ఉంది. నేను తిప్పడం, పళ్ళెంలో పడ్డది చూసుకోవడం, మళ్ళీ తిప్పడం. ఒళ్ళు తెలీలేదు. కింద పోగులన్నీ చిక్కులు పడుతున్నా పట్టించుకోలేదు.

అయిపోయాక అత్తమ్మ లేచింది.

"బరువుకి పనికొచ్చేను."

అంతే అంది. వెళ్ళి నమాజుకి కాళ్ళూ చేతులూ కడిగి వజూ చేసుకుంది.

ఈ వీధికి సేమియా నేర్పిన మనిషిని తీసుకెళ్ళి రాయిలా కూర్చోబెట్టాను.

ఆగస్టు 18

ఆయనతో చెప్పాను — రేపు మంచం మీద మీరు కూర్చోవాలి.

"నేనా? గోనెల కొట్టో?"

"మధ్యాహ్నం దాకా మూస్తే బెల్లం మార్కెట్టు ఆగిపోదు. మీ బరువు కావాలి నాకు."

నవ్వారు. ఒప్పుకున్నారు.

ఆగస్టు 19

ఆయన మంచం చివర, పేపరు పట్టుకుని. నేను పిడి దగ్గర. కింద ఎవరూ లేరు.

"అత్తమ్మా, చిక్కులు పడిపోతున్నాయి. పట్టుకోవడం నాకు రాదు" అన్నాను. మస్కా కాదు, నిజంగానే రాదు. ఆవిడ పీట లాక్కుని మిషను కింద కూర్చుని రెండు అరచేతులూ చాపింది.

పిడికిలి మూయక్కర్లేదు ఆ పనికి! నాకిది ముందు తట్టలేదు. పోగులు జారి ఆవిడ చేతుల మీదుగా మోచేతుల దాకా దిగుతాయి. "ఆపు" అంటుంది. ఆపుతాను. అరచేతి అంచుతో తెంపి, పక్కన కట్టిన తాడు మీద ఆరేస్తుంది. ఒక్క పోగు మీద ఒక్క పోగు పడలేదు.

"మెల్లిగా తిప్పవే. బండి తోల్తన్నావేటి?"

ఎన్నాళ్ళకి తిట్టింది! ఎంత సంతోషమేసిందో. ఆయన పేపరు చాటున నవ్వుకుంటున్నారు. "నువ్వు కదలకు, మంచం లెగుత్తాది" అని ఆయన్నీ తిట్టింది.

ఆగస్టు 20

ఎండ వచ్చింది. పెరట్లో రెండు తాళ్ళ నిండా సేమియా.

పిట్టగోడ అవతలి నుంచి అప్పలనరసమ్మ గారు — "పండగ దగ్గరకొచ్చేసింది, మీ అత్త మొదలెట్టిందేటమ్మా?"

నేను నోరు తెరిచేలోపు అత్తమ్మ దుప్పటి తీసి తాళ్ళ మీద కప్పేసింది.

"మొదలెట్టేనమ్మా" అంది. గొంతు ఆవిడది కానట్టుంది.

ఆగస్టు 21

రేపు పొద్దున్నే ఖాదర్ మామ మనిషి వస్తాడు. ఇత్తడిది ఇచ్చేస్తాం, ఇనపది ఉంచేస్తాం అన్నాను అత్తమ్మతో. నాకు అందులో అనుమానమే లేదు.

ఆవిడ ఎండిన పోగులు డబ్బాలోకి సర్దుతోంది. తల ఎత్తలేదు.

"ఆకుల్లో సుట్టి పంపినప్పుడు ఎవరు సేసేరని సెప్తావు?"

"మీరే కదా అత్తమ్మా" అన్నాను, ఇట్టే.

"నరసమ్మ పోల్చేత్తాది."

"అయితే మిషను తెచ్చుకున్నామని చెప్తాను. దాపరికం ఏముంది?"

"అప్పుడు ఏటంటాది? పాపం, ముసిల్దాని సెయ్యి పడిపోయిందంటాది." ఒక పోగు తీసి వెలుతుర్లో పెట్టి చూసింది. "పడిపోయింది, జుబేదా. నిజమే. నువ్వూ సూసేవు మొన్న, తలుపు కాడ నించుని."

ఆ పోగుని కూడా డబ్బాలో పెట్టేసింది.

"ఏటని సెప్తావో ఆలోసించు. అది తేలినాక ఏ మిషను ఉంచుకుంటావో ఉంచుకో, నాకేటి."

డబ్బా మూత పెట్టమని నా వైపు తోసింది. పెట్టాను.

మరలూ చుట్లూ అయితే విప్పి చూసుకుంటాను. దీనికేం చెప్పను? ఆ మనిషి పొద్దున్నే వచ్చేస్తాడు...