మంచిగనే ఉన్నానన్న మాట

8-7-2004, గురువారం

ఆయన మోకాళ్ల నొప్పి తగ్గలేదట. కోడలికి జ్వరం లేదు. మనవరాలి దగ్గు నయమే. అందరినీ అడిగితే గానీ నాకు నిద్ర పట్టదు. ఈ రోజు అడిగినా పట్టడం లేదు.

రొమ్ము తీసేసినవాళ్లు ఎట్లా ఉన్నారో రాసుకునే ఆసుపత్రి అమ్మాయి పొద్దున నన్ను కూర్చోబెట్టి అడిగింది. "చెయ్యి గుంజుతాందా అవ్వా? అద్దంల సూసుకుంటున్నవా?"

అన్నిటికీ "మంచిగనే ఉన్న బిడ్డా" అన్నాను. బాగోగులు అడిగినవాళ్లతో ఇంకేమంటాం?

నేను లేస్తుంటే అంది: "నీ మాట జూసినంకనే డాక్టర్లు నీ తర్వాతోళ్లకు వైద్యం జేస్తరు."

ఆపరేషనైన వైపు చెయ్యి వాచి గాజు ఎక్కడం లేదు. మేడ్చల్ బస్సు దిగేదాకా కొంగు కింద దాచుకున్నాను. అద్దం చూసుకుని నాలుగు నెలలైంది. నా అబద్ధం నమ్మి ఇంకొకామె చెయ్యి పట్టించుకోకపోతే? ఆ అమ్మాయి రాసుకున్న కాగితాలు అప్పుడే పైకి పంపేసి ఉంటే?

కొంగు తీసి చూపించాలి. మళ్లీ రమ్మన్నది పన్నెండో తారీఖు, సోమవారం.