మస్తాన్ మామ ‘జ’

మంగళవారం, రాత్రి

ఎవరైనా ఉచితంగా వాడుకునే లినక్స్ కంప్యూటర్ వ్యవస్థలో చేర్చమని పంపిన నా తెలుగు ఫాంటు ప్యాకేజీ తిరిగొచ్చింది. వాళ్లు అడిగింది ఒక్కటే: ఈ అక్షరాలు ఎవరు రాశారు? కాపీరైట్ ఫైల్లో నా పేరొక్కటే పెట్టాను. అక్షరాలేమో మస్తాన్ మామవి. నలభై ఏళ్లుగా మా వైపు పడవలకు పేర్లు రాసేది ఆయనే. వాటిని ఫోటోలు తీసి ఫాంటుగా మార్చానంతే. ఎవరో అడిగేదాకా ఆ సంగతే తట్టలేదు. సిగ్గేసింది.

సాయంత్రం ఆయనుండే ముత్తుకూరు వెళ్లాను. ఆయన వద్దంటే రెండేళ్ల పని పోయినట్టే.

“మీ పేరు పెడతాను మామా. కానీ ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోనూవచ్చు. దానికి మీరు ఒప్పుకోవాల.”

“మార్చొచ్చా?” అని రెండుసార్లు అడిగాడు. కోపమొచ్చిందనుకున్నాను.

“నా ‘జ’ ఏనాడూ కుదర్లేదమ్మే. పడవ నీళ్లలోకి పోయినాక ఇంక దిద్దేదెట్టా? ఎవురన్నా దిద్దతారంటే పెట్టు, నా పేరు పెట్టు.”

ఆయన పేరు పైన, నాది కింద పెట్టి ఇప్పుడే మళ్లీ పంపాను. ఈసారైనా తీసుకుంటారో లేదో.

ఆ ‘జ’ను దిద్దడం నాకూ వచ్చు. చేయి రాలేదు.